సింగపూరు పెట్టె

మే 26, 1961. శుక్రవారం

ఉదయం 10.20కి తంతి వచ్చింది. ఆనందకుమారికి సింగపూరులో సీటు ఖాయమైంది. జూన్ 20 మంగళవారం సాయంత్రం 4 గంటలకు మద్రాసు రేవులో ఓడ ఎక్కాలి. చదువు పది నెలలు.

తంతి నేనే అందుకున్నాను. ఆమె ఆసుపత్రిలో పగటి డ్యూటీలో ఉంది. సైకిలు మీద వెళ్ళి పిల్లల వార్డు గుమ్మంలో నిలబడ్డాను. ఆమె చంకలో ఎవరిదో బిడ్డ. కాగితం చదివింది. మళ్ళీ చదివింది.

"ఓడ టైము కూడా వేశారే" అంది.

బిడ్డను పక్క నర్సుకిచ్చి చేతులు కడుక్కుని పనిలోకి వెళ్ళింది.

పిల్లల పోషణ మీద చదువు. ఈ జిల్లా నుంచి ఇంకెవరికీ రాలేదు. కనుక్కున్నాను. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఇద్దరం ఒకరినొకరు వదిలి ఉన్నది మొత్తం పదకొండు రోజులు, అదీ నేను తుపాను వార్తలకు తిరిగినప్పుడు.

నేను సంతోషించాను.

మే 29. సోమవారం

సింగపూరు నుంచి సూచనల కాగితం వచ్చింది. రెండు పేజీలు. అక్కడ ఏడాది పొడవునా ఉక్క, ఏడాది పొడవునా వాన. నూలు బట్టలే తెచ్చుకోవాలి. తోలు వస్తువులు బూజు పడతాయి. ఒక్కటే పెట్టె. ఆ పెట్టెను చదువుకోవడానికి వచ్చే మనిషి తనంతట తాను ఎత్తగలగాలి. ఈ వాక్యం కింద గీత గీశారు.

ఇంకొకటి. కలరా సూది, మశూచి టీకా వేయించుకుని పసుపు అట్ట పుస్తకంలో రాయించుకోవాలి. జిల్లా హెల్త్ ఆఫీసరు ముద్ర ఉండాలి. కలరా సూది వేసిన ఆరు రోజులకు గాని పుస్తకం చెల్లదు. అది లేకపోతే రేవులోనే ఆపేస్తారు. లెక్క కట్టాను. జూన్ 14 ఆఖరి రోజు.

హెల్త్ ఆఫీసులో నాకు తెలియనివాళ్ళు లేరు. జబ్బుల వార్తల కోసం వారానికి రెండుసార్లు వెళ్తాను. ఆ పని నేను చూస్తానన్నాను. ఖాళీ పుస్తకం సంపాదించి బల్ల సొరుగులో పెట్టాను. భద్రంగా ఉంది.

మే 30

పక్కింటి రెబెక్కమ్మక్క వచ్చింది. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు చేసి మానుకున్న పెద్ద నర్సు. చేతిలో ఉన్ని కోటు. బిట్రగుంట రైల్వే కాలనీలో ఇంజను డ్రైవరుగారి దొరసాని ఊరు వదిలి వెళ్తూ ఇచ్చిందట. మోకాళ్ళ దాకా ఉంది. కలరా ఉండల వాసన.

"ఇదిగో ఆనందం, పెట్టెలో పెట్టుకో. చలికి ఊపిరితిత్తులు పట్టేసుకుంటాయి."

బయట 109 డిగ్రీలు. సింగపూరులో చలి ఉండదక్కా, మన నెల్లూరు లాగే ఉంటుందని చెప్పాను.

"సముద్రం దాటినాక చలి లేని దేశం యాడుంది పరంజ్యోతీ? పేపరోళ్ళకు తెలియంది ఉండదనుకుంటారే!"

అట్లాసు తెచ్చి భూమధ్యరేఖ చూపించాను.

"ఆ గీత చూపించి ఏం లాభం? చలేస్తే గీత కప్పుకుంటుందా నీ పెళ్ళాం?"

ఆనందకుమారి నవ్వు ఆపుకుని కోటు తీసుకుంది. మడిచి పెట్టె అడుగున పెట్టింది. అక్క వెళ్ళాక, అది దేనికని అడిగాను.

"వద్దంటే అక్క నొచ్చుకుంటుంది. దేనికో ఒకదానికి పనికొస్తుందిలెండి."

మే 31

హెల్త్ ఆఫీసరు కొడవలూరు క్యాంపులో ఉన్నాడని విన్నాను. ఆమెకు చెప్పాను.

జూన్ 2. శుక్రవారం

కృష్ణపట్నం పక్కన పట్టపుపాలెం నుంచి చిన్నపోలయ్య, పిచ్చమ్మ వచ్చారు. నిన్న కాలవ పడవలో బయలుదేరి, బస్సు ఎక్కి, పది గంటలకు గుమ్మంలో దిగారు. వీళ్ళ మనవరాలు పేరమ్మకు పోయినేడాది కాళ్ళు వాచి, జుట్టు రాగి రంగు తిరిగి, ఏడవడం కూడా మానేసింది. ఆనందకుమారి నెల రోజులు వార్డులో ఉంచుకుని వేరుశనగ పప్పు, ఎండు నెత్తళ్ళ పొడి జావలో కలిపి తాగించింది. ఇప్పుడు పేరమ్మ పడవలెక్కి దూకుతోందట. సింగపూరు దరఖాస్తులో ఆనందకుమారి రాసింది ఆ జావ గురించే.

పిచ్చమ్మ బుట్ట దించింది. నిండా ఎండు నెత్తళ్ళు. ఇల్లంతా వాసన.

"ఆడ దొరకవంట కదమ్మా."

"ఎవురు చెప్పినారే నీకు?" అన్నాడు చిన్నపోలయ్య. "ఆడ చేపలు లేకుండా సముద్రం ఎండిపొయ్యిందా? నేను పినాంగులో అయిదేండ్లు ఉండినా. నన్నడుగు."

"అడగతా ఉండా. అయిదేండ్లలో ఒక్క జాబు యెందుకు రాయలేదో చెప్పు ముందు."

"ఇప్పుడా మాట యెందుకు? ఈ సారు పేపర్లో యేస్తాడు."

చిన్నపోలయ్య ముప్పై ఆరులో పినాంగు రబ్బరు తోటలకు వెళ్ళి, యుద్ధం అక్కడికి చేరకముందే తిరిగొచ్చాడు. పెట్టె చూపించమన్నాడు. చూశాడు. ముందు ఉన్ని కోటు పట్టుకుని పడీపడీ నవ్వాడు. తర్వాత తోలు చెప్పులు తీసి అవతల పెట్టాడు.

"ఇయ్యి పది దినాల్లో పచ్చగా బూజెక్కతాయి తల్లా. ఆడ వానాకాలం అని ఒకటి లేదు. పొద్దున ఎండ, మాపటికి వాన. గుడ్డ ఆరదు. బొగ్గులు పాత గుడ్డలో కట్టి నాలుగు మూలలా పెట్టు. చెమ్మ అంతా బొగ్గు తాగేస్తది. నెలకోసారి ఎండలో పోసుకుని మళ్ళా కట్టుకో."

సింగపూరు వాళ్ళ రెండు పేజీల్లో ఈ సంగతి లేదు.

వెళ్ళే ముందు బుట్ట అడుగు నుంచి పీచు తాడు చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

"పెట్టెకు ఇది కట్టాల. తాళం కప్పను నమ్మద్దు. కట్టేది ఇంట్లో నిలిచేవాళ్ళు, ఇప్పేది పొయ్యేవాళ్ళు. మా ఇంట్లో తాతల కాడి నుంచి అట్టే. అంటే సారూ, నువ్వు కట్టాల."

"నాకు ముడులు రావు" అన్నాను.

"ముడి నేర్పిస్తా. మనసు మాత్రం నువ్వే పెట్టుకోవాల. నేను పినాంగు పొయ్యేటప్పుడు ఇది కట్టింది నా మూట. పోబాకు పోబాకు అని ఏడస్తా కట్టింది. నాగపట్నం రేవులో నిచ్చెనెక్కతా ఉంటే మూట ఇడిపొయ్యి రెండు పంచెలు, దుప్పటి సముద్రంలో పడినాయి. గోచీతో దిగినా పినాంగులో."

"గోచీతోనన్నా దిగినావు" అంది పిచ్చమ్మ. "నేను ఇంకొంచెం వదులుగా కట్టి ఉంటే మద్రాసులోనే ఇడిపొయ్యేది, ఆడ నుంచే తిరిగొచ్చేవాడివి."

జూన్ 3. శనివారం

పత్రికకు ఎండ వార్త పంపాను. వడదెబ్బకు ఇద్దరు. ఆనందకుమారి మధ్యాహ్నం రెండు గంటలు బయటికి వెళ్ళొచ్చింది. సాయంత్రం ఎడమ చెయ్యి నొప్పి అంది. ఒళ్ళు కూడా వెచ్చగా ఉంది. నీళ్ళ బిందె ఎత్తి ఉంటుంది.

ఆఫీసరు క్యాంపులోనే ఉన్నట్టుంది.

జూన్ 6

పెట్టె ఎత్తి చూసుకుంది. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి. అడుగున ఉన్ని కోటు, ఆరు నూలు చీరలు, నాలుగు తెల్ల యూనిఫారాలు, రెండు తువాళ్ళు, బైబిలు, గొడుగు, రబ్బరు చెప్పులు, బొగ్గు మూటలు నాలుగు. నెత్తళ్ళు మూడు రోజులు ఎండబెట్టి దంచింది. పొడి బిస్కెట్ల డబ్బాలో పోసి మూత చుట్టూ లక్క పోసి అతికించింది. అక్కడి డాక్టర్లకు చూపించాలట. వాసన డబ్బా దాటలేదు. నేను పరీక్షించాను.

నేను కొన్ని పెట్టాను. హరికేన్ లాంతరు, పెద్ద నిఘంటువు, ఇత్తడి చెంబు. పెట్టె లేవలేదు. ఆమె మూడూ తీసి బల్ల మీద పెట్టింది.

"అక్కడ కరెంటు ఉంటుంది. నిఘంటువు మీకు కావాలి. చెంబు ఎందుకండీ?"

ఎందుకో నాకూ తెలియదు. అవసరం పడుతుందనే పెట్టాను.

జూన్ 7

క్యాంపు.

జూన్ 8. గురువారం

సాయంత్రం 5 గంటల టపాకు కృష్ణపట్నం వార్త రాశాను. ఉప్పు కొటారుల దగ్గర కాలవ గట్టు తెగింది. మామూలుగానే ఆమె చదివింది. తొమ్మిదేళ్ళుగా ఆమె చదవనిదే కవరు అతికించను. 'ఘోరమైన' అన్న మాట దగ్గర వేలు పెట్టింది.

"ఎన్ని గజాలు తెగింది?"

"ముప్పై."

"అది రాయండి చాలు."

కొట్టేశాను. 'గ్రామస్థులు ఆందోళన చెందుతున్నారు' దగ్గర మళ్ళీ వేలు.

"ఎవరు చెప్పారు? మీరు చూశారా?"

ఉప్పు మేస్త్రీ చెప్పాడన్నాను. అయితే మేస్త్రీ అన్నాడని రాయమంది. రాశాను. కవరు అతికిస్తుంటే అడిగింది.

"కొడవలూరులో ఏముందండీ?"

"ఏముంది?"

"అదే అడుగుతున్నా. జిల్లా ఆఫీసరు వారం పైగా కూర్చునేంత జబ్బుంటే మీరు వార్త పంపేవారు కదా. ఒక్క ముక్క కూడా రాయలేదు."

చిన్న విషయమై ఉంటుందన్నాను. టపాకు టైమవుతోందని సైకిలు తీశాను. పోస్టాఫీసు చేరేసరికి 4.35. ఇరవై అయిదు నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాను.

జూన్ 10

పసుపు పుస్తకం సొరుగులో ఉంది. పైన పాత పత్రికలు ఉన్నాయి. భద్రంగానే ఉంది.

నేను సంతోషంగానే ఉన్నాను.

జూన్ 11. ఆదివారం

చర్చిలో ఆమె ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను.

జూన్ 12. సోమవారం

హెల్త్ ఆఫీసు గుమాస్తా కామాక్షయ్య ఇంటికి వచ్చాడు. నేను వారం రోజులుగా ఆఫీసు వైపు రావడం లేదని, కలరా అంకెల కాగితం తనే పట్టుకొచ్చాడు. నేను అడగలేదు. ఆనందకుమారి మజ్జిగ ఇచ్చింది.

"ఎండలో ఇంత దూరం వచ్చారు. ఆఫీసరుగారు క్యాంపు నుంచి తిరిగొచ్చారా?"

"క్యాంపా? ఏ క్యాంపమ్మా! ఆయన మోకాలు వాచి నెల్లాళ్ళయింది. కుర్చీ లోంచి లేస్తే ఇద్దరు పట్టుకోవాలి. ఆఫీసులో కూర్చుని మా మీద అరవడం, ఇంటికి పొయ్యి వాళ్ళావిడ మీద అరవడం. ఊరు దాటితే మాకు పండగే కదా!"

"అట్టనా" అంది ఆనందకుమారి. గ్లాసులో ఇంకొంచెం మజ్జిగ పోసింది.

కామాక్షయ్య మోకాలి గురించి ఇంకో పావుగంట చెప్పాడు. ఏ నూనెలు రాశారో, ఏ నాటువైద్యుడు వచ్చాడో. అతను వెళ్ళాక ఆమె గ్లాసు కడిగి బోర్లించింది. నా వైపు చూడలేదు.

మజ్జిగ బాగుంది.

జూన్ 13. మంగళవారం

ఉదయం 6.15కి సొరుగు తెరిచి పసుపు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. ఆమె కాఫీ తెస్తోంది.

"ఆఫీసరు క్యాంపుకు వెళ్ళలేదు. నేను అబద్ధం చెప్పాను. ఇవాళ సూది వేయించుకుంటే 19కి చెల్లుతుంది. రేపైనా సరిపోతుంది. పద, ఇప్పుడే వెళ్దాం."

కాఫీ గ్లాసు నా ముందు పెట్టింది.

"రేపటితో గడువు సరి. అంత దాకా ఆగారు."

"ఆగాను."

లేచి వెళ్ళి పెట్టె తెరిచింది. అడుగు నుంచి రెబెక్కమ్మక్క ఉన్ని కోటు తీసింది. లోపలి జేబులో ఇంకో పసుపు పుస్తకం ఉంది. తెచ్చి నా పుస్తకం పక్కన పెట్టింది. కలరా, మశూచి. జూన్ 3. ముద్ర స్పష్టంగా పడింది. సంతకం ఆఫీసరుదే, నాకు తెలిసిన సంతకం.

"ఆ రోజు వాళ్ళింటికి వెళ్ళాను" అంది. "మోకాలికి కాపడం పెట్టించుకుంటున్నారు. మంచి మనిషే. కుర్చీలోంచే వేశారు."

"అంటే మూడో తేదీ నుంచి నీకు తెలుసు."

"అంతకు ముందే. క్యాంపులో ఉన్నాడని విన్నాను అన్నారు చూడండి, అప్పుడు. ఎవరి దగ్గర విన్నారో చెప్పకుండా మీరు ఇంతవరకూ నాకు ఏ సంగతీ చెప్పలేదు."

"అడగొచ్చు కదా."

"అడిగాను. కొడవలూరులో ఏముందని. మీరు సైకిలెక్కి పోయారు."

కాఫీ చల్లారుతోంది. ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది. మామూలుగా ఆ టైముకు కూర్చోదు, 7 గంటలకు డ్యూటీ.

"నేను వెళ్ళడం మీకు ఇష్టం లేదా?"

"లేదు."

"ఎప్పటి నుంచి?"

"మే 26. ఉదయం 10.20 నుంచి."

"టైము కూడా వేశారే" అంది. నవ్వలేదు. కానీ ముఖం కొంచెం వదులైంది.

తర్వాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "ఇష్టం లేదని ఆ రోజే అంటే పోట్లాడుకునేవాళ్ళం. నేను ఏడ్చేదాన్ని, మీరు అరిచేవారు. ఏదో ఒకటి తేలేది. మీరు నాతో పోట్లాడలేదు. నన్ను సొరుగులో పెట్టి పాత పేపర్లు కప్పారు. నేను వెళ్తాను. మీ ఇష్టం మీ దగ్గర ఉండనివ్వండి. ఇంకోసారి మాత్రం నాకు అబద్ధపు వార్త చెప్పొద్దు."

చెప్పనన్నాను. మరి గడువు దాటిపోతుంటే నీ పుస్తకం సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు తెస్తారేమోనని చూశాను."

"తేకపోతే?"

"అప్పుడు కూడా వెళ్ళేదాన్ని. కానీ జాబులు రాసేదాన్ని కాదు."

7.05కి ఆసుపత్రికి బయలుదేరింది. అయిదు నిమిషాలు ఆలస్యం. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ కాలేదు.

సాయంత్రం

ఈ డైరీ వెనక్కి తిప్పి చదివాను. మే 31: విన్నాను. ఎవరి దగ్గరా వినలేదు. ఆ రోజు హెల్త్ ఆఫీసు ముందు నుంచే వెళ్ళాను. కిటికీలోంచి ఆఫీసరు బట్టతల కనబడింది. ఆగకుండా తొక్కాను. జూన్ 3: చెయ్యి నొప్పి, బిందె. బిందె ఆ రోజు నేనే ఎత్తాను.

ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా రాశాను అబద్ధం. కొట్టెయ్యలేదు. ఉండనీ.

జూన్ 15

నిన్నా ఇవాళా ఆమె పెద్దగా మాట్లాడలేదు. అన్నం పెట్టింది, వార్త చదివింది, ఒక విశేషణం కొట్టించింది. కూరలో ఉప్పు తక్కువ. చెప్పలేదు. ఆమే తిని చూసి ఉప్పు డబ్బా నా వైపు జరిపింది.

జూన్ 17. శనివారం

రెబెక్కమ్మక్క ఊరగాయ జాడీ తెచ్చింది. చిన్న మామిడికాయ జాడీ, గుడ్డ కట్టి ఉంది. ఓడలో పగిలితే పెట్టె అంతా నూనె. ఆనందకుమారి ఉన్ని కోటు తీసి జాడీ చుట్టూ రెండు చుట్లు చుట్టి చేతులతో బిగించింది. సరిగ్గా సరిపోయింది.

"చూశావా పరంజ్యోతీ" అంది అక్క. "కోటు పనికిరాదన్నావు."

"తప్పయింది అక్కా."

"ఆ గీతలు చూసి చెప్తే ఇట్టే అవుతుంది."

జూన్ 18. ఆదివారం

మధ్యాహ్నం చిన్నపోలయ్య ఒక్కడే వచ్చాడు. ముడి నేర్పడానికి. పిచ్చమ్మ ఎందుకు రాలేదంటే, సాగనంపడం ఒకసారి చేసినా, చాలు అందట.

వరండాలో పెట్టె పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. తాడు అడుగు నుంచి తెచ్చి, మూత మీద అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, కూడలి దగ్గర ముడి. పడవను గుంజకు కట్టే ముడే. లాగే కొద్దీ బిగుస్తుంది, కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. మొదటిసారి కట్టాను. అతను వేలితో తోస్తే జారిపోయింది. రెండోసారీ జారింది.

"సారూ, ముడి బాగానే ఉండాది" అన్నాడు. "చెయ్యే ఆగతా ఉండాది."

ఆనందకుమారి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

మూడోసారి మోకాలు పెట్టె మీద ఆనించి లాగాను. పీచు అరచేతిలో దిగింది. చిన్నపోలయ్య తోశాడు, కుదిపాడు, తాడు పట్టుకుని పెట్టెను కొంచెం పైకి లేపి కింద పడేశాడు. జారలేదు.

"పొయ్యిరా తల్లా" అన్నాడు ఆమెతో. "ఇది పినాంగు దాటతాది."

ఆమె వచ్చి పెట్టె ఎత్తింది. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. మళ్ళీ వెనక్కి వచ్చి దించింది. ఊపిరి తీసుకుని, ముడి మీద ఒకసారి చెయ్యి వేసి చూసింది.

"ఇది నేను విప్పుతాను" అంది. "తాడు పారెయ్యను. వచ్చేటప్పుడు కూడా కావాలి కదా."

ఆ తర్వాత నా అరచెయ్యి పట్టుకుని చూసి, లోపలికి వెళ్ళి అయోడిన్ సీసా తెచ్చింది. మండింది.

నా పుస్తకం, ఖాళీది, సొరుగులోంచి తీసి చించేశాను. ఆమె పుస్తకం చేతి సంచిలో ఉంది. చూశాను.

రేపు ఉదయం 5.40కి జట్కా వస్తుంది. 6.25కి మద్రాసు బండి. రాత్రికి పెరంబూరులో మా చిన్నాన్న ఇంట్లో బస. మంగళవారం మధ్యాహ్నం 1 గంటకు రేవులో పుస్తకాల తనిఖీ. 4 గంటలకు ఓడ. చూడటానికి వచ్చినవాళ్ళను కంచె దాకా రానిస్తారట, ఇది రేవు ఆఫీసు ఇచ్చిన కాగితంలోనే ఉంది. కంచె దగ్గర నిలబడతాను. ఓడ కదిలిన టైము చూసి రాస్తాను.